కాల్దా ఏరు దాటాల్సిన జీపు

రేక్యావిక్,
1991 ఆగస్టు 4

ఐవిందుర్ మామయ్యా,

క్రిస్మస్ కార్డు తప్ప ఏనాడూ రాయని మేనకోడలు ఇంత లావు కవరు పంపిందేమిటి, ఎవరైనా పోయారా అని కంగారు పడకండి. అమ్మ బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను. నాకొక జీపు కావాలి, అంతే.

ఇరవై ఏడేళ్ళకి, మొన్న జూన్‌లో, డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నాను. క్లాసులో మిగతావాళ్ళంతా పదిహేడేళ్ళ పిల్లలు. మొదటి రోజు నన్ను టీచరనుకుని ఫీజు ఎక్కడ కట్టాలని అడిగారు. ఇన్నాళ్ళూ సిటీ బస్సుల్లో బతికేసినదాన్ని, ఇప్పుడెందుకంటారా? హ్రాఫ్నదల్ లోయకి నన్ను జిల్లా నర్సుగా వేశారు. ఆరేళ్ళుగా మూడో అంతస్తు వార్డులో పనిచేస్తున్నాను. మనిషి పేరు నోటికి అలవాటయ్యేలోపు డిశ్చార్జి అయి వెళ్ళిపోతారు. మనుషుల్ని వాళ్ళ వంటింట్లో కూర్చోబెట్టి చూసే నర్సు కావాలని నాకు మొదటినుంచీ ఆశ. ఆ ఉద్యోగం ఇప్పటికి దొరికింది.

చిక్కల్లా ఒకటే. క్లినిక్కూ నా క్వార్టరూ కాల్దా ఏటికి ఇవతల ఉన్నాయి. నేను చూడాల్సిన పదకొండు కుటుంబాలూ అవతల ఉన్నాయి. వంతెన లేదు. దరఖాస్తులో 'ఏరు దాటగల సొంత వాహనం ఉందా' అన్నచోట ఉందని టిక్కు పెట్టేశాను. అబద్ధం కాదు, తొందరపాటు. అక్టోబరు ఒకటిన బండితో సహా చేరాలి. బండి లేకపోతే ఉద్యోగం నా వెనక వరసలో ఉన్నావిడకి ఇచ్చేస్తారు.

మీకు ఫోను వినిపించదని అమ్మ చెప్పింది, అందుకే ఉత్తరం. మన ఇంట్లో బండ్ల సంగతి తెలిసినవాళ్ళు మీరొక్కరే. నిన్న పేపర్లో ప్రకటన చూసి వెళ్ళాను. ఎర్ర జీపు. చక్రాలు నా నడుందాకా ఉన్నాయి. ఎక్కి కూర్చుంటే ఊరంతా కాళ్ళకింద కనిపించింది. నాకు తెగ నచ్చేసింది. కొనెయ్యనా?

మీ
సోల్‌రూన్


స్టాపవిక్,
1991 ఆగస్టు 9

అమ్మాయ్ సోల్‌రూన్,

నీ కవరు నిన్న వచ్చింది. పోస్టాఫీసావిడ నేను చించేదాకా కౌంటరు వదల్లేదు. 'ఎవరు పోయారు?' అని చీటీ మీద రాసి చూపించింది. 'ఎవరూ పోలేదమ్మా, మా మేనకోడలికి జీపు కావాలట' అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు కదా, రేవు దాకా వినిపించిందట. సాయంత్రానికి వల బాగుచేసేవాడి దగ్గర్నుంచి పాస్టరు గారి దాకా తలా ఒక సలహా చీటీ రాసి నా మోటారు రిపేరు షెడ్డులో పడేసి వెళ్ళారు. పొయ్యిలో వేశాను. నా మాట ఒక్కటే విను.

ఎర్రది వద్దు. వద్దంటే వద్దు. మామూలు ఇంజనుకి కొండంత చక్రాలు తగిలించిన బండి అది. ఎవడో కుర్రాడు మంచుకొండ ఎక్కుదామని మోజుపడి చేయించుకున్నాడు, రెండుసార్లు ఎక్కాడు, గేరుబాక్సు ఏడవడం మొదలుపెట్టగానే అమ్మకానికి పెట్టాడు. నీకు కావాల్సింది షోకుల బండి కాదు, గొర్రెల్ని తోలుకొచ్చే వాళ్ళ బండి. చూడ్డానికి ముసలి గాడిదలా ఉండాలి, పిలవగానే లేచి రావాలి.

బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు పాత దుప్పటి ఒకటి పట్టుకెళ్ళు. మాటామంతీ లేకుండా నేలమీద పరిచి బండికిందికి దూరిపో. అమ్మేవాడి బూట్లు చూస్తూ ఉండు. బూట్లు కదలకుండా ఉంటే మంచివాడు. అటూ ఇటూ తిరుగుతుంటే ఏదో దాచాడు. స్క్రూడ్రైవరు పిడితో చాసిస్ పొడుగునా కొడుతూ రా. ఇనుమైతే పిడి ఎగిరి చేతికి తగులుతుంది, తుప్పైతే మెత్తగా ఆగిపోతుంది. నేను చెవిటివాణ్ణి కాబట్టి చేతితో వింటాను, నువ్వు రెండు విధాలా వినొచ్చు. బయటికొచ్చాక 'ఎందుకమ్ముతున్నారు?' అని అడిగి నోరు మూసుకో. ఎంతసేపైనా సరే, నువ్వు మాత్రం మాట్లాడకు.

ఇంకా చాలా ఉన్నాయి చూడాల్సినవి. అన్నీ ఒక్కసారే చెబితే నీ బుర్రకెక్కవు. ముందు ఇవి చేసి ఏం జరిగిందో వివరంగా రాయి.

నీ వార్డులో పొద్దున్నే ఎన్నింటికి లేస్తారు? నువ్వు వంట చేసుకుంటావా, ఆసుపత్రి తిండేనా? మీ అమ్మ ఇంకా పంచదార పలుకు పళ్ళమధ్య పెట్టుకునే కాఫీ తాగుతోందా?

ఐవిందుర్ మామయ్య


రేక్యావిక్,
1991 ఆగస్టు 18

మామయ్యా,

మీ ఉత్తరం చదివి అమ్మ ఏమందో తెలుసా? 'వాడికి కాగితం దొరికితే స్టాంపు అంటించడానికి కూడా చోటు మిగల్చడు' అంది. నేను మాత్రం రెండుసార్లు చదువుకుని దుప్పటి చంకన పెట్టుకుని బయల్దేరాను. కేతిల్ తన కారులో తిప్పాడు, పాపం శనివారమంతా నాకోసమే ఖర్చుపెట్టాడు.

మొదట చేపల రేవులో నీలం జీపు. పడవల్ని ఉప్పునీళ్ళలోంచి లాగిన బండి. స్క్రూడ్రైవరు పిడితో కొడదామని తిప్పి పట్టుకునేలోపే మొన చాసిస్‌లోకి దిగిపోయింది. 'అది గాలాడ్డానికి పెట్టించానమ్మా' అన్నాడు ఆ మహానుభావుడు! బూట్లు అప్పటికే ఇంటి గుమ్మం దగ్గరున్నాయి. మీరు చెప్పినట్టే జరిగింది, కిందపడుకునే నవ్వుకున్నాను.

తర్వాత సెల్ఫోస్ దాటాక ఒక గొర్రెల రైతు. పేరు ఓగ్‌ముందుర్, ఎనభై దాటాయి. బూడిదరంగు జపాను జీపు, పన్నెండేళ్ళది, మొదటినుంచీ ఆయనదే. చూడ్డానికి మీరన్న ముసలి గాడిదే. కిందికి దూరితే మాత్రం ఒక వింత. అడుగుభాగమంతా పసుపుపచ్చగా, జిడ్డుగా, వేలు పెడితే అంటుకుపోయేలా ఏదో పూసి ఉంది. గొర్రె కంపు! నా జుట్టు ఇప్పటికి మూడుసార్లు కడిగాను. ఏమిటని అడిగితే ఉన్ని జిడ్డు అన్నారు, ఉన్ని కడిగినప్పుడు నీళ్ళపైకి తేలే మైనంలాంటిదట. పిడితో కొడితే ఎగిరింది గానీ ఆ జిడ్డులో ఎంత ఎగిరిందో నాకు సరిగ్గా తెలియలేదు.

'ఎందుకమ్ముతున్నారు?' అని అడిగి నోరు మూసుకున్నాను. 'కళ్ళు పోయాయమ్మా, బండికేం కాలేదు' అని ఆయనా నోరు మూసుకున్నాడు. ఇద్దరం అలా మూగనోము పట్టి నిలబడితే చివరికి ఆయన భార్య బయటికొచ్చి 'చచ్చారా బతికున్నారా, కాఫీ చల్లారిపోతోంది' అని కేకేసింది.

నాకు ఆ బండి మీద మనసు పడింది మామయ్యా. పక్క రైతు కూడా అడుగుతున్నాడట. వచ్చే ఆదివారం దాకా నాకోసం ఆపుతానన్నాడు. వెంటనే రాయండి.

సోల్‌రూన్


స్టాపవిక్,
1991 ఆగస్టు 21

అమ్మాయ్,

ఈ ఉత్తరం పడవమీద పంపిస్తున్నాను, ఆదివారంలోపు చేరాలని.

నీలం బండి విషయంలో నువ్వు చేసిన పని చూసి నాకు గర్వంగా ఉంది. బూట్లు గుమ్మం దగ్గరున్నాయన్న మాట రేవులో అందరికీ చదివి వినిపించాను.

ఇక ఆ ముసలాయన బండి. అడుగున ఏదైనా పూశారంటే, పూసినదాని వెనక ఏముందో కనిపించదు. కనిపించనిది కొనకూడదు. వదిలెయ్. తొందరపడకు, సెప్టెంబరంతా నీ చేతిలోనే ఉంది. గొర్రెల్ని కొండలమీంచి దింపడం అయిపోయాక రైతులు చాలామంది పాత బండ్లు అమ్మకానికి పెడతారు. ఇంకా మంచివి వస్తాయి. ఏది చూసినా ముందు నాకు రాయి, రంగుతో సహా, వాసనతో సహా.

ఈ కేతిల్ ఎవరు? శనివారమంతా తిప్పే మగవాడు ఊరికే తిప్పడు. వాడు సొంత బండిని ఎలా చూసుకుంటాడో రాస్తే, వాడెలాంటివాడో నేను చెబుతాను. మీ అమ్మకు చెప్పనులే.

ఇక్కడ కాడ్ చేపలు బాగా పడుతున్నాయి. మా షెడ్డు పిల్లి వెల్డింగు ముసుగులో పిల్లల్ని పెట్టింది. నాలుగు రోజులుగా వెల్డింగు పని లేదు, ఊళ్ళో వాళ్ళ తిట్లు నాకెలాగూ వినబడవు. ఆ రైతు ఇంట్లో కాఫీతో ఏం పెట్టారు?

ఐవిందుర్ మామయ్య


రేక్యావిక్,
1991 సెప్టెంబరు 1

మామయ్యా,

కాఫీతో నూనెలో వేయించిన మెలిక బిళ్ళలు పెట్టారు. వద్దని చెప్పడానికి వెళ్ళిన రోజు కూడా పెట్టారు. ఓగ్‌ముందుర్ తాత వాదించలేదు. 'సరేనమ్మా' అని నా దుప్పటి తనే దులిపి మడిచి ఇచ్చాడు. పక్క రైతు మర్నాడే బండి తోలుకుపోయాడట.

కేతిల్‌కి అరవై రెండేళ్ళు, అంబులెన్సు డ్రైవరు, నలుగురు మనవలు. మీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపిస్తే దగ్గొచ్చేదాకా నవ్వాడు. తన బండిని రోజూ కడుగుతాడట, మీ తీర్పు కోసం ఎదురుచూస్తున్నాడు.

ఈ వారం మూడు చూశాను. తెల్ల జీపు ఒకటి, పాత రష్యా జీపు ఒకటి, ఊరి రెస్క్యూ దళం వాళ్ళు అమ్ముతున్న పసుపుది ఒకటి. పసుపుది నాకు నచ్చింది. వివరాలన్నీ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను, వాసనతో సహా.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. నేను ఆ లోయకి వెళ్ళడం మీకిష్టం లేదా? ఏరు దాటుతూ ఏమైనా అయిపోతానని భయమా? ఉంటే తిన్నగా చెప్పండి. ఇంక నెల కూడా లేదు.

సోల్‌రూన్


స్టాపవిక్,
1991 సెప్టెంబరు 6

అమ్మాయ్,

నువ్వు లోయకి వెళ్ళడం నాకెందుకు ఇష్టం ఉండదు? మన ఇంటి ఆడపిల్లల్లో బస్సు కోసం చూడకుండా బయల్దేరిన మొదటిదానివి నువ్వే. ఆ మాట మళ్ళీ రాయకు.

పసుపుది వద్దు. రెస్క్యూ దళం వాళ్ళు ప్రాణాలకు తెగించి తోలుతారు, బండి ప్రాణం కూడా లెక్కచెయ్యరు. రష్యా జీపుకి విడిభాగాలు దొరకవు. తెల్లది పట్నం మనిషిది, మంచు కరగడానికి రోడ్లమీద చల్లే ఉప్పు తిని ఉంటుంది. నువ్వు రాసిన కాగితంలో మైలేజీ ఉంది గానీ సీటు ఏ పక్క ఎక్కువ అరిగిందో లేదు. ఆ సంగతి రాయి. సీటు అరుగుదలని బట్టి మనిషి ఎలా కూర్చున్నాడో, ఎలా తోలాడో చెప్పొచ్చు. ఇంకో ముఖ్యమైన పరీక్ష కూడా ఉంది, అది సీటు సంగతి తేలాక చెబుతాను.

కేతిల్ గారికి నా క్షమాపణలు చెప్పు. రోజూ కడిగేవాడు మంచివాడే, కాకపోతే కొంచెం భయస్తుడు.

ఈమధ్య రోజూ పోస్టాఫీసు దాకా నడుస్తున్నాను. మోకాలికి మంచిదట. నువ్వేం పుస్తకాలు చదువుతావు?

ఐవిందుర్ మామయ్య


రేక్యావిక్,
1991 సెప్టెంబరు 20

మామయ్యా,

బండి కొనేశాను.

మిమ్మల్ని అడగకుండా కొన్నాను. ఇంకా పది రోజులే ఉన్నాయి, మీరు సీటు ఏ పక్క అరిగిందని అడుగుతున్నారు! పసుపుది కూడా వేరేవాళ్ళు పట్టుకుపోయారు. ఆ తెల్లదే, పట్నంలో పాత బండ్లు అమ్మే దుకాణంలో. ఆరోజు వాన. కిందికి దూరలేదు, పిడితో తలుపు దగ్గర మాత్రం కొట్టాను, ఎగిరింది. నాలుగు చక్రాలూ తిరిగే బండేనా అని అడిగితే 'చూడండి' అని ముందు చక్రాల మధ్య ఉండే బిళ్ళలు తిప్పి చూపించాడు. అవి తిప్పితేనే ఇంజను బలం ముందు చక్రాలకి అందుతుందట. వాటికి కొత్తగా రంగు కూడా వేశారు.

మీరింత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. పై నెల ఒకటి నుంచి నా చిరునామా మారుతుంది, ఈ కవరు వెనకే రాశాను.

సోల్‌రూన్


స్టాపవిక్,
1991 సెప్టెంబరు 25

సోల్‌రూన్,

మంచిది. బండి నీది, నిర్ణయం నీది.

ఏటి దగ్గర బండి ఆపి ముందు నువ్వు దిగి నడిచి చూడు. నడవడానికి భయం వేసిన చోట బండి దింపకు. అంతే.

ఐవిందుర్


హ్రాఫ్నదల్ క్లినిక్,
1991 అక్టోబరు 20

ఐవిందుర్ మామయ్యకి,

ఒకటో తారీకున చేరాను. మొదటి వారం నీళ్ళు తక్కువగా ఉన్నాయి, ఏ ఇబ్బందీ రాలేదు. పదో తారీకున, గురువారం, పొద్దున పదకొండింటికి అవతలి గట్టునుంచి ఫోను. స్టేన్‌వోర్ అనే డెబ్భై ఆరేళ్ళావిడ గొర్రెల దొడ్లో జారిపడింది, కాలు కదపలేకపోతోంది అన్నారు. తుంటి విరిగిందని ఫోన్లోనే అర్థమైంది, నేను వచ్చేదాకా కదపొద్దన్నాను.

మీరు చెప్పినట్టే దిగి నడిచాను. మోకాళ్ళ పైదాకా వచ్చాయి నీళ్ళు, భయం వెయ్యలేదు. బిళ్ళలు తిప్పాను, ఎక్కాను, దింపాను. ఏటి నడుమ వెనక చక్రాలు గులకరాళ్ళలో కూరుకుపోయి గిర్రున తిరగడం మొదలెట్టాయి. ముందువి ఉలకవు పలకవు. దిగి నడిచి వెళ్ళిపోదామంటే ఆ సరికే ప్రవాహం పెరిగింది. నా సంచిలో నొప్పి తగ్గించే సూదిమందు ఉంది. నేను బండి పైకప్పు మీద కూర్చున్నాను. అవతలి గట్టు మీద ఇల్లు కనిపిస్తోంది. అవతలివాళ్ళు కబురుపెట్టిన ట్రాక్టరు వచ్చి లాగేసరికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఆవిడ దొడ్లో గడ్డిమీద, ఆ చలిలో అలాగే పడి ఉంది. నేను వెళ్ళేసరికి అరవడం కూడా మానేసింది. బతికింది. హెలికాప్టర్లో ఆసుపత్రికి పంపాం.

ట్రాక్టరాయన బిళ్ళలు విప్పి చూశాడు. లోపలి పళ్ళు అరిగిపోయాయి, తిరుగుతాయి గానీ పట్టవు. పైన రంగేసి అమ్మారు. 'కొనేముందు గులకలో తోలి, ముందు టైర్లు రాళ్ళు చిమ్ముతున్నాయో లేదో చూడలేదా? అది చూడకుండా ఎవరైనా జీపు కొంటారా?' అన్నాడు. మీ ఉత్తరాలన్నీ తిరగేశాను. ఆ మాట ఎక్కడా లేదు.

పోయిన శనివారం అమ్మ చూడ్డానికి వచ్చింది. నేను వదులుకున్న బండ్ల కథంతా చెబుతుంటే, ఉన్ని జిడ్డు దగ్గర ఆపింది. 'మా నాన్న ఏటా అక్టోబరులో చేయించే పనే అది. ఆ జిడ్డు పూస్తే జన్మలో తుప్పు పట్టదు. కిందపడుకుని పూసేది మీ మామయ్యే. వారం రోజులు గొర్రె కంపు కొట్టేవాడు, భోజనానికి నా పక్కన కూర్చోనిచ్చేదాన్ని కాదు' అంది.

నాకు రెండు విషయాలు కావాలి. ఓగ్‌ముందుర్ తాత బండి మంచిదని మీకు తెలుసా? బిళ్ళల పరీక్ష సంగతి మీకు తెలుసా? తెలుసు లేదా తెలియదు. ఆ మాటొక్కటి రాయండి చాలు.

సోల్‌రూన్


స్టాపవిక్,
1991 అక్టోబరు 27

సోల్‌రూన్,

తెలుసు. రెండూ తెలుసు.

ఆ మాటొక్కటి చాలన్నావు. ఇంకొంచెం రాస్తాను, ఇష్టమైతే చదువు.

ఓగ్‌ముందుర్ బండి గురించి నువ్వు రాసింది చదవగానే లేచి నిలబడ్డాను. ఉన్ని జిడ్డు పూసిన బండి కళ్ళు మూసుకుని కొనొచ్చు. ఆయన ఏటా బండికింద పడుకున్నాడంటే దాన్ని బిడ్డలా చూసుకున్నాడని అర్థం. ఇలాంటి బండ్లు దేశం మొత్తం గాలించినా పది ఉండవు. పసుపుది కూడా మంచిదే. రెస్క్యూ దళం వాళ్ళు బండిని ప్రాణంలా చూసుకుంటారు, అదీ నాకు తెలుసు.

కొనెయ్ అని రాద్దామని కూర్చున్నాను. రాస్తే నువ్వు కొంటావు. కొన్నాక నాకెందుకు రాస్తావు? ఒక థాంక్స్ కార్డు వస్తుంది, ఆపైన క్రిస్మస్‌కి ఇంకోటి. అది తలుచుకుని వద్దని రాశాను.

ట్రాలరు ఇంజను గదిలో ఇరవై రెండేళ్ళు చేశాను. చెవులు మెల్లగా పోయాయి. మనుషులు మాత్రం ఒక్కసారే పోయారు. చెడ్డవాళ్ళని కాదు. చెవిటివాడితో చీటీలమీద మాట్లాడాలి, చీటీమీద ఎంత పడుతుంది? 'మోటారు ఎప్పటికి?' 'చేప కావాలా?' 'తలుపు వేసుకో.' పధ్నాలుగేళ్ళుగా నాకు వచ్చే మాటలు ఇవే. నీ మొదటి ఉత్తరం ఆరు పేజీలుంది. పదిహేడేళ్ళ పిల్లలు నిన్ను టీచరనుకున్నారన్న చోట గట్టిగా నవ్వాను. నవ్వినట్టు ఛాతీలో తెలిసింది. చెవిన మనిషి గొంతు పడ్డట్టే ఉంది నాకు.

అందుకే పరీక్షలన్నీ ఒక్కసారి చెప్పకుండా ఒక్కోటీ దాచుకున్నాను. గులకరాళ్ళ పరీక్ష అన్నింటికంటే ముందు చెప్పాల్సింది. అది అన్నింటికంటే విలువైందని వెనక్కి పెట్టుకున్నాను. నువ్వు కొనేశానని రాసినప్పుడు కూడా సమయం ఉంది, బిళ్ళల్ని పరీక్ష చేయించు అని ఒక్క ముక్క రాయొచ్చు. అప్పుడు అలిగాను. అరవై ఆరేళ్ళ వాణ్ణి, చిన్నపిల్లాడిలా మూతి ముడుచుకుని నాలుగు లైన్లు రాసి పోస్టులో వేశాను.

స్టేన్‌వోర్ గారు గడ్డిమీద పడున్న మూడు గంటలూ నావల్లే. నువ్వు వాటిని నీ నెత్తిన వేసుకోకు.

దీనితోపాటు ఒక పెట్టె పంపుతున్నాను. అందులో రెండు బిళ్ళలున్నాయి, వేరే పాత బండివి విప్పి కొత్త పళ్ళు కోసి నేనే తయారుచేశాను. ట్రాక్టరాయన బిగిస్తాడు. కింద పద్ధెనిమిది పేజీల కాగితాలున్నాయి. పాత జీపు గురించి, ఏరు దాటడం గురించి, మంచు గురించి నాకు తెలిసిందంతా అందులో రాసేశాను. ఒక్కటి కూడా మిగుల్చుకోలేదు. ఇక బండి గురించి నువ్వు నన్ను అడగాల్సినది ఏమీ లేదు.

జవాబు రాయక్కర్లేదు.

ఐవిందుర్


హ్రాఫ్నదల్,
1991 నవంబరు 24

మామయ్యా,

పెట్టె మూడు వారాల కిందటే వచ్చింది. బిళ్ళలు బిగించాం. గులకలో తోలి చూశాను, ముందు టైర్లు చిమ్మిన రాయి ట్రాక్టరాయన టోపీకి తగిలింది. బండి గురించి ఇంతే.

మూడు వారాలు ఎందుకు పట్టిందంటే, కోపం. మీ పేరు వింటేనే ఒళ్ళు మండేది. పద్ధెనిమిది పేజీల్ని చింపి పొయ్యిలో పెడదామని ఒకరోజు తీశాను. మంచులో టైరు గాలి ఎంత తగ్గించాలో రాసిన పేజీ మాత్రం ఉంచుకుందామని వెతుకుతూ, మొత్తం చదివేశాను. ఎంత బాగా రాశారో. చదువుతున్నకొద్దీ కోపం ఇంకా పెరిగింది, ఇదంతా ఆగస్టులోనే రాసి ఉండొచ్చు కదా అని.

స్టేన్‌వోర్ గారు చేతికర్రతో ఇంటికొచ్చేశారు. వారానికి రెండుసార్లు వెళ్ళి నడిపిస్తున్నాను. ఆవిడకి మీ ఉత్తరం చదివి వినిపించాను, దాచడం నా వల్ల కాలేదు. కళ్ళు మూసుకుని చివరిదాకా విని, 'మీ మామయ్యని నేను క్షమించను. తుంటి నాది. నువ్వేం చేసుకుంటావో నీ ఇష్టం' అంది. తర్వాత ఎండబెట్టిన చేప, వెన్న పెట్టింది, ఆ చెవిటాయన పెళ్ళి చేసుకోలేదా అని మాత్రం అడిగింది. నాకు తెలియదు అన్నాను. 'మేనమామ సంగతి తెలియదా?' అంది. సిగ్గేసింది.

ఇంటికొచ్చి మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకున్నాను. నేను బండి కొనేదాకా ప్రతిదాంట్లోనూ మీరు నా గురించి ఏదో ఒకటి అడిగారు. నేను జవాబు చెప్పింది రెండింటికే, కేతిల్ ఎవరన్నదానికీ, కాఫీతో ఏం పెట్టారన్నదానికీ. నా ఉత్తరాల్లో నేను మిమ్మల్ని అడిగినవన్నీ బండి గురించే, కాకపోతే నా గురించే. మీరు చేసిన పని దీనివల్ల చిన్నదైపోదు. నేనింకా పూర్తిగా క్షమించలేదు, లేనిది ఉందని రాయను. కానీ మీరు భయపడింది నిజమే మామయ్యా. బండి దొరికి ఉంటే నేను రాసేదాన్ని కాదు.

ఇక్కడ నాలుగింటికే చీకటి పడిపోతోంది. పదకొండు ఇళ్ళవాళ్ళూ మంచివాళ్ళే, కానీ నన్ను చూస్తే ఒంట్లో నొప్పులే గుర్తొస్తాయి వాళ్ళకి. మామూలు మాట ఒకటి మాట్లాడి వారం అయింది.

అందుకని అడుగుతున్నాను. పెళ్ళి ఎందుకు చేసుకోలేదు? లేక చేసుకుని మాకు చెప్పలేదా? చెవులు పూర్తిగా పోకముందు, బాగా వినిపించిందని మీకు గుర్తున్న ఆఖరి చప్పుడు ఏమిటి? ఎవరి గొంతు?

ఒక్కసారే అంతా రాయండి. ఎంత లావు కవరైనా సరే, నేను మళ్ళీ రాస్తాను.

మీ మేనకోడలు
సోల్‌రూన్